పేరు పిలవని హాజరు

ఆడపిల్లల బోర్డింగు, విజయనగరం
1926 జూలై 11

కనకక్కకి రత్న నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. పప్పులో పురుగులు కూడా క్షేమమే, కిందటేడు కన్నా కాస్త ఒళ్లు చేశాయి. నీ క్షేమం నువ్వే రాయాలి. అరకులో టీచరమ్మవైపోయాక నీ ఉత్తరాలు బొత్తిగా చిక్కిపోయాయి.

అక్కా, నేను కూడా అక్కనయ్యాను! నవ్వకు. అయిదేళ్ల కిందట నన్ను నీకు అప్పగించినట్టే, ఈ ఏడు సిక్స్తు ఫారం వాళ్లకి తలా ఒక కొత్త పిల్లని చెల్లెలిగా అప్పగించారు. పనులన్నీ మన కాలంలోవే. చెల్లెలికి తల దువ్వాలి, పాఠం అప్పజెప్పించుకోవాలి, పొద్దున ప్రార్థన దగ్గర పేరు పిలిచి హాజరు వెయ్యాలి. శనివారం సాయంత్రం అరగంట కూర్చోబెట్టి తన ఊరి గురించీ ఇంటి గురించీ చెప్పించాలి. కొత్త హెడ్మిస్ట్రెస్ గారు కాకినాడ మనిషి. మేం చాటుగా పెద్దమ్మగారంటాం. "తానెవరో చెప్పుకోగలిగిన పిల్ల తలెత్తుకు నడుస్తుంది" అని ఆవిడ ముప్పావుగంట ఉపన్యసించారు. ఆ ముప్పావుగంటా మేం తలలు వంచుకుని ఆవలించాం.

నాకు వచ్చిన చెల్లెలు మీ బడి నుంచి నువ్వు పంపిన పిల్లే. పేరు గంగ, పన్నెండేళ్లు, రిజిస్టరులో "కె. గంగ". లెక్కల్లో నన్ను మించిపోతుంది, ఆ సంగతి దానికి తెలియనివ్వడం లేదు. కానీ శనివారం వచ్చిందంటే నా పని అయిపోతోంది.

మొదటి శనివారం వాళ్ల నాన్న కరణమనీ, మండువా ఇల్లనీ చెప్పింది. రెండో శనివారం వాళ్ల నాన్న కలరాతో పోయాడంది. నేను ఏడ్చాను. మూడో శనివారం వాళ్ల నాన్న జీలుగు బెల్లం పంపిస్తానన్నాడంది. "పోయాడన్నావు కదే?" అన్నాను. కాసేపు ఆలోచించి "మళ్లీ పోయాడు" అంది.

ఒక్క నెలలో రెండుసార్లు పోయిన మనిషి కోసం ఎంతని ఏడవను? నీ బామ్మ పోయిందని నువ్వు చెప్పినప్పుడు మూడు రోజులు మరమరాల ఉండలు మానేసినదాన్ని నేను. ఆ బామ్మా, ఆవిడ ఉయ్యాల బల్లా నాకిప్పటికీ కలలోకొస్తాయి.

పరిహాసం అలా ఉంచు. నేను వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఎవరికీ సంతకం పెట్టడం రాదని ఎక్కడ బయటపడుతుందోనని చచ్చిపోయేదాన్ని. నువ్వు గుచ్చి గుచ్చి అడిగి చెప్పించావు. చెప్పాక కడుపునిండా అన్నం తిన్నాను. ఈ పిల్ల చేత కూడా అలా తినిపించాలని నా కోరిక. నిజం ఏమిటో నీకు తెలిసే ఉంటుంది. రాయి.

నీ చెల్లి
రత్న

*

అరకు
జూలై 25

ఏమే రత్నా,

అక్కవైతే అయ్యావు గానీ ఆరా తీసే బుద్ధి పోలేదు.

ఇక్కడ వాన. బడిలో పదకొండుమంది పిల్లలుండాలి. చేలల్లో సామలు కలుపు తీస్తున్నారు కనుక నలుగురొస్తున్నారు. రోజూ తప్పకుండా వచ్చేది ఒక మేక. నిన్న ఎక్కాల పుస్తకంలో పదమూడో ఎక్కం తినేసింది. నాకూ అదంటే ఇష్టం లేదు కనుక ఊరుకున్నాను.

గంగ తండ్రి రెండుసార్లు పోయాడంటున్నావు. మూడోసారి కూడా పోనియ్యి. నీకేం నష్టం? తల దువ్వు, ఇంగ్లీషు చెప్పు, ముందు వరసలో కూర్చోబెట్టు. ఇంటి సంగతులు తవ్వకు. పెద్దమ్మగారు కాకినాడ నుంచి వచ్చారు కనుక ఆవిడకి అన్నీ ఉపన్యాసంలా కనిపిస్తాయి. బోర్డింగులో పడుకుని లేచేది ఆవిడ కాదు, ఆ పిల్ల.

"కె." అంటే కిళ్లంపూడి. ఎవరైనా అడిగితే అదే చెప్పు. అడక్కపోతే అదీ చెప్పకు.

సంతకి దిగుతున్న వాళ్ల చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. వానకి అక్షరాలు చెరిగిపోతే నీకు నచ్చినట్టు కల్పించి చదువుకో.

కనక

*

విజయనగరం
ఆగస్టు 16

కనకక్కకి,

అక్షరాలు చెరగలేదు. నువ్వే చాలా చెరిపి రాశావని ఇప్పుడు తెలిసింది.

మొదట ఒక సంగతి. ఇక మీదట ఆ పిల్ల పేరు నా కలం నుంచి రాదు. ఎందుకంటే మేం నేస్తం కట్టుకున్నాం.

అడిగింది తనే. పోయిన శనివారం కాదు, అంతకు ముందు శనివారం నేను "ఇవాళ మీ నాన్న ఉన్నాడా, పోయాడా?" అంటే నవ్వింది. వచ్చాక నవ్వడం అదే మొదలు. నవ్వి, "నేస్తం కడతావా? నేస్తానికైతే అబద్దం సెప్పకూడదు" అంది. మీ కొండల్లోనూ ఈ ఆచారం ఉందని నాకు తెలియదు. మా శృంగవరపుకోట పల్లెల్లో అయితే ఇంటింటా ఉంది. మా అమ్మకి దేవరాపల్లిలో నేస్తం ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకరి పెళ్లిళ్లకి ఒకరు బియ్యం మోసుకెళతారు. ఆవిడ పేరు మాత్రం మా అమ్మ నోట ఒక్కనాడూ రాలేదు. నేస్తాన్ని పేరు పెట్టి పిలిస్తే నేస్తం తెగిపోతుంది కదా.

వంటపాక వెనక పడమటి కొండల వైపు తిరిగి నిలబడ్డాం. బంతిపూలు మార్చుకున్నాం. బెల్లం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నాం. బెల్లం కరగకముందే అంతా చెప్పేసింది. వాళ్ల నాన్న సోమన్న నిక్షేపంగా ఉన్నాడు. కరణం కాదు, కొండపోడు చేస్తాడు. ఇంటిపేరు కిళ్లంపూడి కాదు, కిల్లో. కిల్లో అంటే వాళ్ల భాషలో పులి. "కె." అని ఒక అక్షరం పెట్టి, దాని పక్కన చుక్క పెట్టి, ఆ చుక్క వెనకాల అంత పులిని దాచింది ఎవరమ్మా అంటే, "టీచరమ్మ" అంది.

ఎందుకు దాచావక్కా? అబద్ధాలు నేర్పినదానివి లెక్క కూడా నేర్పకపోయావా, తండ్రిని ఒకసారే చంపేది.

ఇప్పుడు చిక్కు. సోమవారం ప్రార్థన దగ్గర అక్కలందరూ చెల్లెళ్ల పేర్లు పిలుస్తున్నారు. నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. రెండక్షరాలు. రాలేదు. దగ్గాను. "నా నేస్తం" అన్నాను. తను "ఉన్నాను" అంది. అరవైమంది గొల్లున నవ్వారు. పెద్దమ్మగారు "ఏమిటీ వేషాలు? పేరు పిలవనిదే హాజరు లేదు. నువ్వు పిలిచేదాకా ఆ పిల్ల గైరుహాజరే" అన్నారు.

నేను మొండిదాన్నని నీకు తెలుసు. ఆవిడకి ఇంకా తెలియదు. ఈ వారంలో నా నేస్తం నా ఎదురుగా కూర్చుని, లెక్కలన్నీ చేసి, అన్నం తిని, ఆరు రోజులు గైరుహాజరైంది.

రత్న

*

అరకు
ఆగస్టు 24

రత్నా,

నీకు బుద్ధుందా?

బోర్డింగు నియమాలు గోడ మీద అంటించి ఉంటాయి, ఎప్పుడైనా చదివావా? ఒక నెలలో పన్నెండు రోజులు గైరుహాజరైతే ఉచితంగా చదివే పిల్లని ఇంటికి పంపేస్తారు. గంగ ఉచితపు పిల్ల. సోమన్న దాన్ని ఘాటీ కొండదారిన దింపడానికి మూడు రోజులు నడిచాడు. ఇక్కడి నుంచి హైస్కూలుకి దిగిన ఆడపిల్ల అదొక్కతే. అది వెనక్కి వస్తే, దాన్ని చూసి చదువుదామనుకుంటున్న మా బడిలో నలుగురూ మేకతో సహా మానేస్తారు.

పేరు పిలువు. నేస్తం తెగితే తెగనీ. మళ్లీ కట్టుకోవచ్చు.

ఆ పులి సంగతి నీ నోట రెండోవాళ్లకి పోకూడదు. ఎందుకని అడగకు. నీకు మంచి అక్కగా అయిదేళ్లున్నాను, ఆ మర్యాదకైనా అడగకు.

ఈ ఉత్తరం అందిన పూటే బేగి రాయి.

కనక

*

విజయనగరం
సెప్టెంబరు 2

కనకక్కకి,

నీ ఉత్తరం రాకముందే గోడ మీది నియమాలు చదివాను. ఆ రోజుకి ఎనిమిది గైరుహాజర్లు అయ్యాయి. నిజంగా భయం వేసింది. పేరు పిలిచేద్దామనుకుని నా నేస్తానికి చెప్పాను. "పిలువు" అంది. అని నా పువ్వు తీసి నా చేతిలో పెట్టింది. ఎండిపోయిన బంతిపువ్వు, పెట్టె అడుగున దాచుకుంది. నావల్ల కాలేదు.

పెద్దమ్మగారి దగ్గరికి పోయి, నాకు చేతకాదు, ఈ చెల్లెల్ని ఇంకొకరికి ఇవ్వండి అన్నాను. ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టి అచ్చియమ్మకి అప్పగించారు. అది పార్వతీపురం వైపు పిల్ల. పదింటికి అప్పగించారు. పదకొండింటికల్లా అచ్చియమ్మ నూతి దగ్గర నేస్తం కట్టేసుకుంది. నేనేం చెప్పలేదక్కా, ఒట్టు. బెల్లం మాత్రం నాదే.

మర్నాడు ప్రార్థనలో అచ్చియమ్మ నోరు తెరిచి దగ్గింది. దేముడమ్మకి ఇచ్చారు. దేముడమ్మ మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు. మూడో రోజుకి సిక్స్తు ఫారంలో అందరికీ దగ్గే. పెద్దమ్మగారు డాక్టరుని పిలిపించారు! ఆయన నాలికలు చూసి, బోర్డింగులో బెల్లం ఎక్కువ పెడుతున్నారా అని అడిగాడు.

"పోనీ పలక మీద రాయండి" అన్నారు పెద్దమ్మగారు. మేం చాలాసేపు వాదించుకున్నాం. రాయడం పిలవడం కిందికి వస్తుందా, రాదా? ఈ ఆచారం పెట్టినవాళ్లకి రాత తెలియదు కనుక దాని ఊసు అందులో లేదు. ఎందుకైనా మంచిదని రాయలేదు.

పదకొండో రోజు ఆవిడే రిజిస్టరు పుచ్చుకుని పిలిచారు. "కె." అని, తరవాత ఆ రెండక్షరాలూ. ఇంతటితో గొడవ తీరిందనుకున్నాం. నా నేస్తం లేచి నిలబడింది. "ఉన్నాను" అనలేదు. ఆవిడ మళ్లీ పిలిచారు. అప్పుడు అంది, "కె. కాదమ్మా. కిల్లో. కిల్లో అంటే పులి. మాది అరకు దగ్గిర కొండ."

నువ్వు చెప్పవద్దన్న సంగతి నేను చెప్పలేదు, తనే చెప్పుకుంది. తరవాత నేను తిడితే, "ఇంతమంది నేస్తాలు. అందరికాడా అబద్దం ఆడితే నేస్తం నిలుత్తాదా?" అంది.

ఆ పూట భోజనాల దగ్గర ఇద్దరు టౌను పిల్లలు పళ్లాలు పక్కకి లాక్కున్నారు. కొండవాళ్లట. నేను లేచేలోగా దేముడమ్మ తన పళ్లెం తీసుకెళ్లి నా నేస్తం పక్కన చతికిలపడింది. "పులి పక్కన కూకుంటే నా అప్పడం ఎవులు లాక్కుంటారే?" అంది. తరవాత అచ్చియమ్మ, తరవాత నేను. కాసేపటికి ఆ వరస ఎంత పొడుగైందంటే వడ్డించే ఆవిడ తిట్టింది. ఆ ఇద్దరూ ఇంకా విడిగానే తింటున్నారు. తిననీ.

అసలు ముప్పు ఇప్పుడు వచ్చింది. పెద్దమ్మగారు ఆ పిల్ల చేరిన నాటి దరఖాస్తు తీశారు. అందులో కిళ్లంపూడి అని ఉంది. "అబద్ధపు దరఖాస్తు మీద ఉచితపు సీటు ఇవ్వలేను. ఈ పిల్లని ఎరుగుదునని సంతకం పెట్టిన మనిషి వచ్చి నిజం చెబితే దిద్దుతాను. నెలాఖరులోగా రాకపోతే ఇంటికి పంపుతాను" అన్నారు. ఆ సంతకం నీది. "పి. కనకమ్మ."

ఆ "పి." ఏమిటక్కా? పంగులూరి అని నాకు చెప్పావు. నా నేస్తం వేరేగా చెబుతోంది. "టీచరమ్మ మాకు వదినౌతాది. ఆళ్లది పంగి ఇల్లు. పంగి అంటే గద్ద" అంటోంది.

ఉయ్యాల బల్ల మీది బామ్మ కూడా లేదా?

రత్న

*

అరకు
సెప్టెంబరు 11

రత్నా,

బామ్మ లేదు. ఉయ్యాల బల్ల అంతకన్నా లేదు. ఒక పాఠంలో బొమ్మ చూసి చెప్పాను. నువ్వు మరమరాల ఉండలు మానేస్తే, ఆ మూడు రోజుల ఉండలూ నేనే తిన్నాను. ఇది కూడా చెప్పేస్తే బరువు తగ్గుతుందని చెబుతున్నాను.

మాది పంగి ఇల్లు. నేను చేరిన మొదటి రోజు మధ్యాహ్నం నా పక్క పిల్ల పళ్లెం పక్కకి లాక్కుంది. ఆ పిల్ల వెనక ఇంకో పిల్ల. వరస అక్కడితో ఆగలేదు. నా పక్కకి వచ్చి కూర్చునే దేముడమ్మ ఆ రోజు లేదు. సాయంత్రానికల్లా పంగులూరి వారి అమ్మాయినైపోయాను. అది పలికినంత సేపు పట్టలేదు. ఆరేళ్లు దాన్ని మోశాను. నీ చేత నిజం చెప్పించినప్పుడు నాకెంత సిగ్గేసిందో నీకు తెలియదు. నీ తల దువ్వుతూ వెనక కూర్చునేదాన్ని కదా, నా మొహం నీకు కనపడేది కాదు.

గంగకి ఆ మధ్యాహ్నం రాకూడదనే చుక్క పెట్టాను.

రమ్మంటున్నావు. నా పరీక్ష సర్టిఫికెట్టు పంగులూరి కనకమ్మ పేరున ఉంది. నా ఉద్యోగం ఆ సర్టిఫికెట్టు మీద ఉంది. గంగ దరఖాస్తు దిద్దిన చేత్తోనే పెద్దమ్మగారు నాదీ దిద్దుతారు. అప్పుడు ఇన్స్పెక్టరుగారు ఈ బడిని ఏం చేస్తారో నాకు తెలియదు. పదకొండుమంది పిల్లలున్నారు. ఒక్క పిల్ల కోసం పదకొండుమందిని వదులుకోమంటావా?

పైగా ఘాటీ దారి వానకి కోసుకుపోయింది. నాకు జ్వరంగా కూడా ఉంది.

కనక

*

విజయనగరం
సెప్టెంబరు 18

అక్కా,

జ్వరం అని రాసిన చోట అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో! జ్వరం వచ్చినప్పుడల్లా నీ దస్తూరీ బాగుపడుతుంది కాబోలు.

ఘాటీ సంగతి సంతకి వచ్చిన బళ్లవాళ్లని అడిగించాను. శుభ్రంగా ఉందట.

పదకొండుమంది సంగతి మాత్రం నవ్వులాట కాదు. రెండు రోజులు ఆలోచించాను. నా నేస్తాన్ని అడిగాను. "ఆళ్లు పెద్దయి ఈడకొత్తే ఆళ్ల పేర్ల ముందర ఏటి రాత్తాది టీచరమ్మ?" అంది. తను పెట్టె సర్దుకుంది. అడిగితే, పంపేదాకా ఉండను, నేనే పోతాను అంటోంది.

ఇంకా పన్నెండు రోజులుంది. నీ బామ్మ కోసం ఏడ్చినందుకు నువ్వు నాకు ఒక నిజం బాకీ. వచ్చి ఇచ్చుకో.

రత్న

*

అరకు
అక్టోబరు 6

నేస్తానికి,

క్షేమంగా చేరాను. ఘాటీ దారి కోసుకుపోయిందని నేను రాసింది అబద్ధం, కానీ నేను తిరిగొచ్చేసరికి నిజమైంది. రెండు చోట్ల బండి దిగి తొయ్యాల్సి వచ్చింది. నువ్వు విని సంతోషిస్తావని రాస్తున్నాను.

పెద్దమ్మగారి గదిలో ఏం జరిగిందని బండి దగ్గర నిలబెట్టి నాలుగుసార్లు అడిగావు. తలుపుకి చెవులు ఆనించి అంతమంది ఒకేసారి వింటే ఎవరికి మాత్రం ఏం వినిపిస్తుంది? బండి కదిలిపోయింది కనుక ఇప్పుడు చెబుతున్నాను.

నేను దారి పొడుగునా వల్లించుకున్నదంతా మరిచిపోయాను. ఆవిడ దరఖాస్తు ముందు పెట్టి "ఈ సంతకం నీదేనా?" అన్నారు. "నాదే. కానీ ఇందులో రెండు పేర్లు తప్పు. పిల్లదీ తప్పు, నాదీ తప్పు" అన్నాను. ఆవిడ కళ్లజోడు తీశారు. పళ్లాల సంగతి చెప్పాను. ఏడుస్తాననుకున్నాను గానీ ఏడవలేదు. కోపం వచ్చింది, అదే మొదటిసారి. "మీరు తలెత్తుకు నడవమంటారు. తలెత్తితే ఎదురుగా ఖాళీ వరస కనిపించింది, అందుకే దించుకున్నాను" అన్నాను.

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఉపన్యాసం వస్తుందనుకున్నాను, రాలేదు. కలం తీసి కిళ్లంపూడి కొట్టేసి కిల్లో అని రాశారు. పక్కన సంతకం పెట్టారు. గైరుహాజర్లన్నీ కొట్టేశారు. తరవాత "నీ సర్టిఫికెట్టు కూడా దిద్దడానికి పై వాళ్లకి రాస్తాను. ఏమంటారో చెప్పలేను" అన్నారు. ఆఖరున "ఈ నేస్తం అనేది కాకినాడ వాళ్లు కట్టుకోవచ్చా?" అని అడిగారు. ఆవిడకి నేస్తమైతే మీ పేర్లు పిలవడం కుదరదు కనుక వద్దన్నాను.

అందుకే కాబోలు, ఇప్పుడు ప్రార్థన దగ్గర ఎవరి పేరు వాళ్లే ఇంటిపేరుతో సహా చెప్పుకోవాలని పెట్టారట. గంగ గొంతే అందరికన్నా పెద్దగా వినిపిస్తోందట కదా! పేరు రాశానని కోప్పడకు, అది నీ నేస్తం, నాకు వరసకి ఆడపడుచు.

ఇన్స్పెక్టరుగారి నుంచి ఇంకా ఏమీ రాలేదు. వచ్చేదాకా బడి నడుపుతాను. వచ్చాక కూడా, వాళ్లు బడికి తాళం వేస్తే, చింతచెట్టు కింద నడుపుతాను. సంత రోజు పిల్లల తండ్రులకి అంతా చెప్పాను. పంగి వాళ్ల అమ్మాయివని మాకు తెలుసు కదా, నువ్వు ఎవరి దగ్గర దాచావో మాకు తెలియదు అన్నారు. నిజమే. ఇక్కడ ఎవరి దగ్గరా దాచలేదు.

ఇంక ఈ ఉత్తరంతో నేను పడ్డ పాట్లు విను. బండి ఎక్కే ముందు నా నోట్లో బెల్లం కుక్కి, బంతిపువ్వు నా కొప్పులో గుచ్చావు. నేనూ సంబరపడి నీ నోట్లో బెల్లం పెట్టాను. రాసినంత సేపూ ఏమీ తోచలేదు. కవరు మడిచాక తెలిసింది. పైన పేరు రాయాలి! నేను రాయకూడదు. మీరు వాదించుకున్న వాదమంతా ఒక్కదాన్నే వాదించుకుని, ఎందుకైనా మంచిదని కలం కింద పెట్టేశాను.

మా బడిలో ఎనిమిదేళ్ల సోములమ్మ ఒక్కతే ఒత్తులు రాయగలదు. దాన్ని కూర్చోబెట్టి కలం ఇచ్చాను. "ఎవరికి టీచరమ్మా?" అంది. చెప్పకూడదు కదా! రెండో వాచకం తీసి "రత్నం" అన్న మాట చూపించి, చివర సున్నా మీద బొటనవేలు పెట్టి మూశాను. "వేలు తియ్యి టీచరమ్మా, కనబడ్డం లేదు" అంది. తీస్తే సున్నా రాసేస్తుంది. మూస్తే వేలు గిల్లుతుంది. మూడు కవర్లు పాడుచేసింది. నాలుగో దాంట్లో సున్నా లేకుండా రాసింది గానీ, ఖాళీ బాగులేదని అక్కడ నా బొటనవేలు బొమ్మ వేసింది. తపాలా వాళ్లు ఏమనుకున్నా, అదే నీకు వస్తోంది.

కొండ మీది నుంచి కిందికి పోతున్న ఉత్తరం మీద మా బడి పిల్ల రాసిన మొదటి పేరు నీది.

పంపినవాళ్ల పేరు మాత్రం నేనే రాశాను.

పంగి కనక